ఆస్పత్రి పడక, నెత్తురు గడ్డ, కంప్యూటరు హెచ్చరిక
(బౌరంపేట్‌లో సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యీ రోజు నన్ను మాట్లాడమన్న విషయం కొంచెం కొత్తది. ఆస్పత్రిలో పడుకున్న రోగికి నరాల్లో నెత్తురు గడ్డ కట్టకుండా కంప్యూటరు యెట్లా సాయపడుతుంది అన్నది విషయం. వినగానే, ఇది పెద్ద డాక్టర్ల సంగతి, మనకెందుకులే అనిపించవచ్చును. కానీ మన ఇండ్లలో దవాఖాన ముఖం చూడని ఇల్లు యేదైనా వుందా? ఒక ఇంట్లో పెద్దాయనకు తుంటి యెముక విరుగుతుంది, ఒక ఇంట్లో కోడలికి ఆపరేషను కాన్పు అవుతుంది, ఇంకొక ఇంట్లో పక్షవాతం. అటువంటి ప్రతి పడక ప్రక్కన ఒక స్టూలు వేసుకొని మనలో యెవరో ఒకరు కూర్చుని వుంటారు. ఆ స్టూలు మీద కూర్చునే వారి కోసమే నేను నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

జబ్బు యేమిటి?

నెత్తురు గడ్డ కట్టడం అన్నది అల్లా మనకిచ్చిన రక్షణ. కూరగాయలు తరిగేటప్పుడు వేలు తెగితే కాసేపట్లో నెత్తురు ఆగిపోతున్నదంటే ఆ గుణం వల్లనే. అదే గుణం తెగని చోట, నరం లోపల పని చేస్తే ఆపద అవుతుంది.

కాళ్లలోని నెత్తురు గుండెకు చేరాలంటే పైకి యెక్కాలి గదా. మనం అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి నెత్తురును పైకి నెడుతుంది. నరాల్లో చిన్న తలుపుల వంటివి వుండి దానిని క్రిందికి జారనివ్వవు. మనిషి నడుస్తున్నంతసేపూ యీ పంపు నడుస్తుంది. మంచం మీద కదలకుండా పడుకుంటే పంపు ఆగుతుంది, నెత్తురు నిలవ వుంటుంది. జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1856లో ప్రచురించిన పరిశోధనల పునాది మీద వైద్యులు యీనాటికీ మూడు కారణాలు చెబుతారు. ఒకటి, నెత్తురు నిలవ వుండడం. రెండు, నరం గోడకు దెబ్బ తగలడం. మూడు, నెత్తురుకే గడ్డ కట్టే గుణం హెచ్చడం. ఆస్పత్రిలో ఆపరేషను చేయించుకొని పడుకున్న రోగిలో యీ మూడూ ఒకేసారి కలుస్తాయి. క్యాన్సరు వున్నవారికి, గర్భిణీలకు, బాలింతలకు మూడవ కారణం సహజంగానే యెక్కువ.

కాలిలో కట్టిన గడ్డ అక్కడే వుంటే కాలు వాచి నొప్పి పెడుతుంది. ఊడి పైకి పోతే గుండె కుడి వైపుకు చేరి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల నరంలో పోయి ఇరుక్కుంటుంది. యీ దారిని మొదట సరిగా రాసిపెట్టినవాడు యెవరో మన పిల్లలకు తెలియాలి. డమాస్కస్‌లో చదువుకొని కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్ నఫీస్ 13వ శతాబ్దంలోనే చెప్పాడు, గుండె కుడి గదిలోని నెత్తురు మధ్య గోడలో నుంచి యెడమ గదికి రాదు, ఊపిరితిత్తుల గుండా తిరిగి వస్తుందని. యూరప్‌లో యీ మాట అచ్చు కావడానికి మరి 300 యేండ్లు పట్టింది.

గడ్డ పెద్దదయితే మనిషి నిమిషాల్లో పోతాడు. ఆపరేషను బాగా జరిగింది, నిన్న నవ్వుతూ మాట్లాడాడు, ఇవాళ బాత్‌రూముకు పోదామని లేచి కూలిపోయాడు అన్న మాట మీరు వినే వుంటారు. గుండె ఆగిందన్నారు, దిష్టి తగిలిందన్నారు, రాత అన్నారు. రాత అల్లా చేతిలోనిదే, కాదనను. కానీ అటువంటి కొన్ని మరణాల వెనుక యీ గడ్డ వుంటుంది, ముందు జాగ్రత్తతో వాటిలో చాలా వాటిని తప్పించవచ్చును. ఆస్పత్రిలో చేరి వచ్చేవారి మరణాలలో ముందుగా ఆపగలిగిన కారణం ఇది అని ప్రపంచమంతటా వైద్యులు చెబుతున్నారు. ఇంటికి వచ్చిన తర్వాత కూడా మూడు నెలల దాకా ప్రమాదం వుంటుంది.

మన దేశం సంగతి

ఒకప్పుడు ఇది తెల్లవాళ్ల జబ్బు, మనవాళ్లకు రాదు అన్న అభిప్రాయం మన డాక్టర్లలోనూ వుండేది. 2006, 2007 సంవత్సరాల్లో 32 దేశాల ఆస్పత్రులలో ఒక పెద్ద పరిశీలన జరిగింది. దాని పేరు ఎండార్స్. మన దేశంలో 10 ఆస్పత్రులలో 2058 మంది రోగుల కాగితాలు చూశారు. ఆ వివరాలు 2012లో అచ్చయినవి. వాటిని రాసినవారిలో మొదటి పేరు మన హైదరాబాదు నిమ్స్‌లో నరాల శస్త్రవైద్యులుగా పని చేసిన డాక్టర్ పింజల రామకృష్ణగారిది. నిమ్స్ అంటే ఒకప్పటి నిజాం యెముకల ఆస్పత్రే.

వారు చూసిన రోగుల్లో సగం మందికి పైగా గడ్డ కట్టే ప్రమాదంలో వున్నారు. ప్రమాదంలో వున్న ఆ వందమందిలో సరయిన ముందు జాగ్రత్త అందినది సుమారు 17 మందికి మాత్రమే. అన్ని దేశాలను కలిపి చూస్తే వందకు 50 మందికి అందింది. అంటే అన్ని దేశాలూ కలిపినా సగం మందికి అందలేదు, మన దగ్గర ఇంకా తక్కువ.

మందు లేక కాదు. హెపారిన్ 1916లోనే అమెరికాలో బయటపడింది. మన ప్రాంతానికే వస్తే, 1978లో పి.వి.యన్. రాజుగారు స్థాపించిన గ్లాండ్ ఫార్మా హెపారిన్ సూదిమందులతోనే పేరు తెచ్చుకున్నది. దాని ఫ్యాక్టరీ మన ప్రక్కన దుండిగల్‌లో, గండిమైసమ్మ చౌరస్తా దగ్గర వుంది. మన ఊరి ప్రక్క నుంచి మందు దేశదేశాలకు పోతున్నది. మరి రోగికి యెందుకు అందదు? డాక్టరుకు తెలియక కూడా కాదు. మరిచిపోవడం వల్ల. విరిగిన యెముక మీద, జ్వరం మీద, షుగరు మీద దృష్టి వుంటుంది. ఇంకా కట్టని గడ్డ యెవరికి కనబడుతుంది?

కంప్యూటరు చేసే పని

ఇక్కడనే కంప్యూటరు వస్తుంది. 1976లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ అనే వైద్యుడు, రోగి వివరాలను బట్టి డాక్టరుకు గుర్తు చేసే చీటీలు కంప్యూటరు చేత ఇప్పించి చూశాడు. చీటీ వున్న రోజుల్లో తప్పిపోయే పనులు బాగా తగ్గినవి. ఆయన తేల్చినది యేమిటంటే, డాక్టర్ల పొరపాట్లకు తెలివి తక్కువ కావడం కారణం కాదు, ఒక మనిషి బుర్రలో ఒకేసారి పట్టనంత సమాచారం వుండడం కారణం అని.

2005లో బోస్టన్ నగరంలోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రి వారు గడ్డల విషయంలో ఇదే పద్ధతిని పరీక్షించి ఫలితం ప్రకటించారు. కంప్యూటరు ప్రతి రోగికి మార్కులు వేస్తుంది. క్యాన్సరుకు 3, పూర్వం గడ్డ కట్టి వుంటే 3, నెత్తురులోనే గడ్డ కట్టే దోషం వుంటే 3, పెద్ద ఆపరేషనుకు 2, 70 దాటిన వయస్సుకు 1, స్థూలకాయానికి 1, మంచం దిగవద్దన్న ఆజ్ఞకు 1, హార్మోను మాత్రలకు 1. మొత్తం 4 గాని అంతకు మించి గాని అయి, ముందు జాగ్రత్త యేదీ రాసి లేకపోతే ప్రమాదం అన్నట్లు.

ఒక ఉదాహరణ చెబుతాను. 72 యేండ్ల తల్లి, రొమ్ము క్యాన్సరు, జ్వరంతో చేరింది. 3, 1 కలిసి 4. గంట మోగుతుంది. 75 యేండ్ల పెద్దమనిషి, లావు మనిషి, మంచం మీద వున్నాడు. 3 మార్కులే. మోగదు. అదే మనిషికి తుంటి ఆపరేషను అయితే 5. మోగుతుంది.

అటువంటి 2506 మంది రోగులను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గం డాక్టర్లకు కంప్యూటరు తెర మీద హెచ్చరిక వచ్చింది, రెండవ వర్గం వారికి రాలేదు. హెచ్చరిక లేని చోట వందకు సుమారు 15 మందికి, హెచ్చరిక వున్న చోట సుమారు 34 మందికి జాగ్రత్త అందింది. 90 రోజుల్లో గడ్డలు వందకు 8.2 నుంచి 4.9కి తగ్గినవి.

యీ లెక్కలో ఇంకొక సంగతి దాగి వుంది, గమనించండి. హెచ్చరిక తెర మీద కనబడినా వందకు 66 మందికి డాక్టరు యేమీ రాయలేదు! రోజుకు వంద హెచ్చరికలు వస్తే మనిషి చూడకుండానే తీసివేస్తాడు. అందుకని బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రివారు మరొక దారి పట్టారు. రోగిని చేర్చుకునేటప్పుడే కంప్యూటరు కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. గడ్డకు కారణాలు యేవి వున్నవి? నెత్తురు కారే ప్రమాదం యేదైనా వుందా? జవాబులు నింపితేనే మిగతా ఆజ్ఞలు రాయనిస్తుంది. జవాబులను బట్టి తగిన జాగ్రత్తను సూచిస్తుంది. నిర్ణయం డాక్టరుదే, కానీ అడగకుండా దాటిపోవడానికి వీలు లేదు. 2012లో వారు ప్రకటించిన వివరాల ప్రకారం, గాయాలతో చేరినవారిలో సరయిన జాగ్రత్త అందినవారు వందకు 66 నుంచి 84కి పెరిగారు. జాగ్రత్త తప్పినందువల్ల వచ్చిన గడ్డలు వందకు 1 నుంచి 0.17కి పడిపోయినవి.

అక్కచెల్లెళ్లు వినవలసినది ఇంకొకటి. అంతకు ముందు అదే వార్డులో మగవారికంటే ఆడవారికి జాగ్రత్త తక్కువగా అందేది. యెవరూ కావాలని చేసినది కాదు. అందరినీ అవే ప్రశ్నలు అడగడం మొదలయిన తర్వాత ఆ తేడా పోయింది. బీదకు, గొప్పకు, ఆడకు, మగకు ఒకే ప్రశ్న అడగడమన్నది న్యాయానికి మొదటి మెట్టు గదా.

మన దగ్గర చాలా చోట్ల కంప్యూటరు బిల్లులకు, రిపోర్టులకు మాత్రమే వాడుతున్నారు. అయినా యీ మార్కుల పద్ధతికి కంప్యూటరే వుండాలని లేదు. ఒక కాగితం మీద అచ్చు వేసి కేసు షీటుకు కుట్టినా పని జరుగుతుంది. కావలసినది తప్పకుండా అడగడం.

కంప్యూటరుకు తెలియనివి

కంప్యూటరు యెంత గొప్పదైనా, మనం చెప్పినదే దానికి తెలుసు. మన పెద్దలలో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు, ఆధార్‌లో జనవరి 1 అని రాసి వుంటుంది. చేర్చేటప్పుడు హడావిడిలో 'అరవై రాయండి సాబ్' అంటాము. ఆయనకు నిజంగా 72 అయితే ఒక మార్కు పోయింది. బరువు అడిగితే అంచనా చెబుతాము. 'పదిహేనేండ్ల క్రింద అమ్మీ కాలు ఒకటి వాచి నెల రోజులు తగ్గలేదు' అన్న మాట యెవరూ చెప్పరు. ఆ ఒక్క మాట విలువ 3 మార్కులు కావచ్చును.

నెత్తురును పలుచన చేసే మందుకు రెండవ వైపు కూడా వుంది. కడుపులో పుండు వున్నవారికి, మెదడులో నెత్తురు కారినవారికి, ప్లేట్‌లెట్లు పడిపోయినవారికి అది ప్రమాదం. మూత్రపిండాలు చెడినవారికి మోతాదు మారుతుంది, కొన్ని మందులు అసలు పనికిరావు. కాబట్టి ఇవి కూడా దాచకుండా చెప్పాలి. అటువంటివారికి కాళ్లకు గాలితో బిగిసి వదిలే పట్టీలు వంటివి వాడుతారు.

సూది వద్దనేవారు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. హాప్కిన్స్ వారు మరొకటి కనిపెట్టారు. డాక్టరు రాసిన తర్వాత కూడా వందకు సుమారు 12 సూదులు రోగికి పడలేదు. అందుకు అతి పెద్ద కారణం రోగి వద్దనడమే! పొట్ట మీద రోజూ సూది, నొప్పి, యెందుకు వేస్తున్నారో యెవరూ చెప్పలేదు. అందుచేత కంప్యూటరుకు ఇంకొక పని అప్పగించారు. ఒక సూది తప్పగానే అది ఒక నర్సుకు కబురు పెడుతుంది, ఆమె రోగి దగ్గరకు వెళ్లి కూర్చుని సంగతి విడమరిచి చెబుతుంది. 2018లో ప్రకటించిన ఫలితం ప్రకారం, తప్పిన సూదులు వందకు 9.1 నుంచి 5.6కి తగ్గినవి. యంత్రం కబురు మాత్రమే తెస్తుంది, నమ్మకం కలిగించేది మనిషి మాటే.

మన ఇండ్లలో వద్దనడానికి ఇంకొక కారణం కూడా వుంది. దానిని దాచిపెట్టి మాట్లాడితే యీ ప్రసంగానికి అర్థం లేదు. హెపారిన్, దాని నుంచి చేసే ఎనాక్సాపారిన్ వంటి మందులు ప్రపంచంలో యెక్కువ భాగం పంది పేగుల పొర నుంచి తీస్తారు. కొన్ని దేశాల్లో పశువుల పేగుల నుంచి తీసేది కూడా వుంది. యీ సంగతి యెవరి నోటనో విని, డాక్టరుతో యేమీ అనకుండా 'సూది వద్దు' అని మాత్రం చెప్పేవారు వుంటారు.

నేను ఆలింను కాను, ఫత్వా చెప్పే అర్హత నాకు లేదు. పెద్దలు చెప్పినవి మీ ముందు పెడతాను. 2003 డిసెంబరులో మక్కాలోని రాబితా ఫిఖ్ మండలి, తగిన మేలు చేసే వేరే మందు లేనప్పుడు అవసరం మేరకు యీ కొత్త రకం హెపారిన్ వాడవచ్చునని చెప్పింది. 2009లో మలేషియా జాతీయ ఫత్వా మండలి, వేరే మందు వున్నది గనుక పంది నుంచి తీసిన క్లెక్సేన్, ఫ్రాక్సిపారిన్ అనే రెండు సూదులు వాడకూడదని చెప్పింది. రెండు తీర్పులూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నవి: వేరే మందు వుందా, లేదా?

ఆ వేరే మందు వుంది. దాని పేరు ఫోండాపారినక్స్. ఏ జంతువు నుంచీ తీసినది కాదు, పూర్తిగా రసాయనాలతో తయారవుతుంది. రోజుకు ఒక సూది. మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2011లోనే దీనిని అమెరికాలో అమ్మడానికి అనుమతి పొందింది. ఆ కంపెనీ ఫ్యాక్టరీలు మన ప్రక్కన బాచుపల్లిలోనే వున్నవి. కానీ మూత్రపిండాలు బాగా చెడినవారికి అది పనికిరాదు, అప్పుడు డాక్టరు మాట, ఆలిం మాట రెండూ వినాలి. తుంటి, మోకాలి చిప్ప మార్పిడి ఆపరేషన్ల తర్వాత నోటి మాత్రలు కూడా వాడుతున్నారు.

కాబట్టి నా మనవి ఇంతే. మౌనంగా వద్దనకండి. 'డాక్టరుగారూ, మాకు ఫలానా అభ్యంతరం వుంది, వేరే మందు వుంటే ఇవ్వండి' అని చేరిన మొదటి రోజే చెప్పండి. ఆ మాట కేసు షీటులోకి, కంప్యూటరులోకి యెక్కాలి. ఆలింను అడగవలసింది ఆరోగ్యంగా వున్నప్పుడు, అర్ధరాత్రి వార్డులో కాదు.

మనం చేయగలిగినవి

మొదటిది, ప్రతి ఇంటికీ సంఘం తరఫున ఒక చిన్న కార్డు అచ్చు వేయించాలి. అందులో పేరు, సరయిన వయస్సు, బరువు, పూర్వం కాలు వాచినదా, గడ్డ కట్టినదా, క్యాన్సరు వుందా, కడుపులో పుండు వుందా, మూత్రపిండాల సంగతి, వాడే మందులు, మందుల విషయంలో అభ్యంతరం యేదైనా వుందా. ఆస్పత్రికి పోయేటప్పుడు ఆధార్ కార్డుతో పాటు ఇది కూడా జేబులో పెట్టుకోవాలి. ఖర్చు కొద్దిపాటిదే, మన యువకులు ఒక ఆదివారం ఇల్లిల్లూ తిరిగితే నింపివేయగలరు.

రెండవది, రోగిని చేర్చిన రోజునే ఒక ప్రశ్న అడగండి. 'మావాళ్లకు నెత్తురు గడ్డ కట్టకుండా యేమి చేస్తున్నారు సార్?' ఆ ఒక్క ప్రశ్న, కంప్యూటరు లేని ఆస్పత్రిలో మీరే కంప్యూటరు అయినట్లు.

మూడవది, డాక్టరు లేవమన్నప్పుడు రోగిని లేపి నడిపించండి. ప్రేమతో పడుకోబెట్టడం కంటే చేయి పట్టి నాలుగడుగులు వేయించడం యెక్కువ ప్రేమ. బాలింతల విషయం ప్రత్యేకంగా చెబుతున్నాను. మన ఇండ్లలో చిల్లా పేరుతో నలభై రోజులు మంచం దిగనివ్వరు. గడ్డ కట్టే ప్రమాదం హెచ్చుగా వుండేది కాన్పు తర్వాత సరిగ్గా ఆ ఆరు వారాలే. చిల్లా పాటించండి, విశ్రాంతి ఇవ్వండి, కానీ ఇంట్లో అటూ ఇటూ నడవనివ్వండి, దాహం తీరా నీళ్లు తాగనివ్వండి.

నాలుగవది, ఒక కాలు వాచి పిక్క నొప్పి పెడితే నూనె పెట్టి గట్టిగా పిసకవద్దు, డాక్టరుకు చూపించండి. హఠాత్తుగా ఆయాసం, గుండెలో నొప్పి, దగ్గుతే నెత్తురు పడడం జరిగితే ఒక్క నిమిషం కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఇంటికి వచ్చిన తర్వాత మూడు నెలలు యీ మాట గుర్తుంచుకోండి.

సోదర సోదరీమణులారా! విర్కో పుట్టిన రోజయిన అక్టోబరు 13ను 2014 నుంచి ప్రపంచ థ్రాంబోసిస్ దినంగా జరుపుతున్నారు. వచ్చే అక్టోబరు 13 నాటికి మన సంఘంలోని ప్రతి ఇంట్లో ఆ కార్డు వుండేటట్లు చూడమని కార్యవర్గాన్ని కోరుచున్నాను. బోస్టన్ యంత్రం చేసిన పని కొంత మన పిల్లల చేతి రాత కూడా చేయగలదు.  అల్లా మన రోగులందరికీ ఆరోగ్యాన్ని, వారి ప్రక్కన కూర్చున్నవారికి సహనాన్ని, తెలివిడిని ప్రసాదించు గాక. ఖుదా హాఫిజ్.